మా అమ్మ కుట్టిన చిలకల పరదాలు

మొన్న మా ఇంటికి కర్టెన్ల కొలతలు తీసుకోవడానికి ఒకతను వచ్చాడు. జేబులోంచి సబ్బుబిళ్లంత యంత్రం తీసి, కిటికీ మూలకు ఆనించి, మీట నొక్కాడు. అవతలి మూలన ఎర్రటి చుక్క పడింది. అంతే, కొలత అయిపోయింది. "కుచ్చు ఎంత పెట్టమంటారు మేడమ్? రెండింతలా, రెండున్నరా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. తన ప్యాంటుకేమైనా అంటిందేమోనని పాపం అతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు. కుచ్చు అనేది ఒకటుంటుందని తెలియక మా అమ్మ నాలుగు కిటికీల గుడ్డ కత్తిరించి పారేసిన సంగతి అతనికేం చెప్పను?

అప్పుడు నాకు పదకొండేళ్లు. మా ఊరు పినపాక దాటాక వస్తుంది. ఊరికి ఒక పక్క మిరప చేలు, రెండో పక్క అడవి. మాది పెంకుటిల్లు. రోడ్డు వైపు నాలుగు కిటికీలుండేవి. వాటికి కొయ్య చువ్వలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. మా ఇంటికే కాదు, ఊళ్లో ఏ ఇంటికీ పరదా లేదు. పరదా అంటే మాకు తెలిసింది నాటకం వాళ్లు వచ్చినప్పుడు కట్టే తెర ఒక్కటే.

ఆ నాలుగు కిటికీల్లో మొదటిది మా నాయనమ్మది. దాని పక్కనే ఆమె నులక మంచం. పొద్దున చాయ్ తాగి అక్కడ కూర్చుందంటే, రోడ్డున పోయే మనిషెవరూ ఆమెకు లెక్క చెప్పకుండా దాటలేరు. "ఏం కూర వండినవ్?" "ఎటు పోతున్నవ్?" "నీ అల్లుడు అలకమానిండా?" అడవి పల్లెల నుంచి కోయ ఆడవాళ్లు ఇప్పపువ్వో, చింతపండో, వానాకాలంలో వెదురు కొమ్ములో గంపల్లో తెచ్చేవారు. బేరమంతా ఆ కిటికీలోంచే. ఇప్పపూల తియ్యటి మత్తు వాసన, కల్లంలో ఎండే మిరపకాయల ఘాటు, లారీల్లో పోయే తునికాకు వాసన, అన్నీ ఆ కిటికీలోంచే ఇంట్లోకి వచ్చేవి. ఏ కాలమో చెప్పడానికి మాకు క్యాలెండర్ అక్కర్లేదు.

ఒక వానాకాలం పొద్దున, నాన్న ఖమ్మం బయలుదేరుతుంటే అమ్మ మెల్లగా అంది: "వచ్చేటప్పుడు పరదా గుడ్డ పన్నెండు గజాలు తీసుకురండి."

"పరదా ఎందుకు?"

"దుమ్ము వస్తోందిగా."

నాన్న బయటికి చూశాడు. వాన దంచి కొడుతోంది. రోడ్డు మీద మోకాలి లోతు బురద. "వానల దుమ్మా?" అన్నాడు.

"ఎండాకాలం రాదా ఏంటి?" అంది అమ్మ. అమ్మది కల్లూరు. ఆమె మాట కొంచెం మెత్తగా ఉంటుంది, మా నాయనమ్మ దాన్ని వెక్కిరిస్తుంది. ఆ రోజు మాత్రం నాయనమ్మ వెక్కిరించడం మరిచిపోయింది. "పరదానా? మనమేమన్న దొంగతనం జేస్తున్నమా, దాసుకునెటందుకు?" అంది.

నాన్న రెండో రోజు గుడ్డ తెచ్చాడు. పసుపు రంగు మీద ఆకుపచ్చ చిలకలు. ఒక్కో చిలక కోడిపెట్టంత ఉంది. "పరదాలకు గిదే మంచిదన్నడు షాపాయన," అన్నాడు నాన్న. ఆ షాపులో ఎన్నేళ్లుగానో అమ్ముడుపోని తాను అదేనని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

కుట్టడానికి దర్జీ దగ్గరికి ఇస్తారనుకున్నాం. బస్సు ఆగే చోట ఒక ముసలి సాయెబు దుకాణం ఉండేది. అందరికీ చాచా. మా ఊళ్లో అందరి జాకెట్లూ ఆయన కుట్టినవే. అమ్మ మాత్రం "నేనే కుడతా" అంది. ఆమె పెళ్లప్పుడు కల్లూరు నుంచి వెంట తెచ్చుకున్న చేతి మిషను ఒకటి సామాన్ల గదిలో ఉంది. పన్నెండేళ్లుగా దాని చెక్కపెట్టె మీద నాయనమ్మ ఆవకాయ జాడీ పెట్టుకుంది. జాడీ దించి చూస్తే మిషనుకు తుప్పు పట్టింది, ఆవకాయ వాసన పట్టింది. తుప్పు కొంతవరకు పోయింది, వాసన పోలేదు. నూనె వెయ్యాలంటే నాయనమ్మ ఆముదం పొయ్యమంది. పోశాం. ఆ తర్వాత మిషను తిరిగినంతసేపూ ఈనబోయే గేదె మూలిగినట్టు మూలిగేది.

పిడి తిప్పే పని నాది. అమ్మ గుడ్డ జరుపుతుంటే నేను తిప్పాలి. "ఆగు" అంటే ఆగాలి. నేను ఎప్పుడూ ఒక చుట్టు ఎక్కువే తిప్పేదాన్ని. మొదటిరోజే నా పావడా అంచు, చిలక తోక కలిసి కుట్టు పడ్డాయి. నేను లేచి పరిగెత్తబోయేసరికి మిషను నా వెనక రెండడుగులు వచ్చింది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. కొలతలు మూరల్లో తీసింది అమ్మ. రెండు కిటికీలు తాను కొలిచి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి, "ఆ రెండూ నువ్వు కొలిచి చెప్పు" అంది. నేను శ్రద్ధగానే కొలిచాను. పొడుగు రెండున్నర మూరలు రావలసిన దగ్గర మూడున్నర వచ్చింది. ఎందుకు ఎక్కువొచ్చిందో నాకు వెంటనే తెలిసింది. నా మూర చిన్నది. ఎక్కువ చెబితే నవ్వుతుందేమోనని నేనే ఊహించి ఒకటిన్నర తగ్గించి, "రెండు మూరలు" అన్నాను. అమ్మ నమ్మింది. గుడ్డ కత్తిరించింది.

వెడల్పు ఎంతో అమ్మ సరిగ్గా అంతే కత్తిరించింది, వేలెడు కూడా ఎక్కువ లేకుండా. స్ప్రింగు తీగ దూర్చి మేకులకు తగిలిస్తే, పరదా కిటికీకి అడ్డంగా డప్పు మీద తోలులా బిగిసి నిలబడింది. వేలితో కొడితే మోగింది కూడా. నేను కొలిచిన కిటికీల పరదాలు రెండూ ముప్పావు వంతు దగ్గరే ఆగిపోయాయి. పైగా వాటి మీది చిలకలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

నాయనమ్మ మంచం మీద నుంచి లేచి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. పొడుగువాటి దగ్గర ఆగి, "కిటికీలకు లంగాలు తొడిగినవ్, సరే," అంది. పొట్టివాటి దగ్గరికి వచ్చి, "మరి వీటికి చెడ్డీలా?" అంది.

మూర సంగతి అమ్మకు చాలా ఏళ్ల తర్వాత గానీ చెప్పలేదు.

మర్నాడు దర్జీ చాచా రోడ్డున పోతూ మా ఇంటి ముందు ఆగిపోయాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. కాసేపు తల ఒక పక్కకు వంచి చూశాడు, తర్వాత రెండో పక్కకు వంచి చూశాడు. "బేటీ, ఇవి చిలకలా, గబ్బిలాలా?" అన్నాడు.

అమ్మకు ఏడుపొక్కటే తక్కువ. చాచా లోపలికి వచ్చి చివరి గదిలో మిషను పక్కన కూర్చున్నాడు. "గుడ్డ కిటికీకి రెండింతలుండాలె. అప్పుడే కుచ్చు వస్తది. కుచ్చు లేకపోతే పరదా కాదు, కట్టు కట్టినట్టుంటది," అని చెప్పి, మిగిలిన గుడ్డ ఉందా అని అడిగాడు. అది చాలక, అతుకులకు తన దుకాణంలోంచి పచ్చ గుడ్డ తెప్పించాడు. సగం రోజు కూర్చుని, విప్పినవి విప్పి, అమ్మచేతే మళ్లీ కుట్టించాడు. మధ్యలో మక్క గారెలు ఎనిమిది తిన్నాడు. మిషను వాసన చూసి, "దీంతో కుట్టిన బట్ట అన్నంలోకి బాగుంటది," అన్నాడు.

కింద పరిచిన గుడ్డ ఆయన పక్కకు లాగినప్పుడు, దాని అడుగున వార్తాపత్రిక అట్ట వేసిన పుస్తకం ఒకటి కనపడింది. చాచా దాన్ని తెరిచి చూశాడు. అమ్మ వైపు చూశాడు. అమ్మ ముఖం తెల్లబోయింది. ఆయన పుస్తకం మూసి, ఎక్కడిదక్కడ పెట్టి, మళ్లీ గుడ్డ కప్పాడు. "చివరి గదికి రెండు వరసలెయ్యి బేటీ. లోపలేముందో బయటికి అగుపడదు," అన్నాడు. నా పుస్తకమేదో అక్కడ పడేశానేమో, తిడతారేమో అని నేను భయపడ్డాను.

పరదాలు కట్టిన నాటినుంచి మా ఇంటికి మనశ్శాంతి లేదు. కిటికీలు తెరిచి ఉన్నన్నాళ్లూ మా ఇంట్లోకి తొంగి చూసినవాడు లేడు. పరదాలు పడ్డాక ప్రతి మనిషీ మా ఇంటి ముందు నడక తగ్గించాడు. లోపల టీవీ కొన్నారని కొందరు. కల్లం తవ్వుతుంటే లంకెబిందె దొరికిందని కొందరు. ఎదురింటి పెద్దమ్మ అయితే నేరుగా నన్నే పిలిచి, బెల్లం ముక్క చేతిలో పెట్టి, "మీ అమ్మకు ఎన్నో నెలనే?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. బెల్లం పోతుందేమోనని "ఐదు" అన్నాను. వారం తిరగకుండా, ఇప్పపువ్వు తెచ్చే కోయ అవ్వ అడవిలోంచి వేర్ల కట్ట ఒకటి తెచ్చి, కాచి తాగమని అమ్మ చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. ఆమె ఎదుటే అమ్మ ఆ కషాయం తాగవలసి వచ్చింది.

నాయనమ్మ సంగతి వేరు. ఆమె కిటికీకి వేసిన పరదాను కర్రతో పక్కకు నెట్టి పట్టుకునే కూర్చునేది. "నా కండ్లకు గంతలు కట్టింది," అని దారిన పోయేవాళ్లకు చెప్పేది. మధ్యాహ్నం అందరూ అన్నాలు తిన్నాక, అమ్మ చివరి గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. ఒక గంట, రెండు గంటలు. నిద్రపోతోందనుకునేదాన్ని.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నాయనమ్మ నా చెయ్యి పట్టి బయటికి లాక్కుపోయి, చివరి కిటికీ కింద నిలబెట్టింది. లోపలి నుంచి అమ్మ గొంతు ఒకే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది. "ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్... ఏ స్క్వేర్ ప్లస్... టూ ఏబి..."

"ఎవలో పట్టిన్రే మీ అమ్మను," అంది నాయనమ్మ. "అది మన బాస కాదు, కోయ బాస గాదు. నాకు రెండూ తెలుసు."

గుడి నుంచి తెచ్చిన విభూతి గుప్పిట్లో పట్టుకుని, నన్ను వెనక పెట్టుకుని, ఆమె లోపలికి వచ్చి ఆ గది తలుపు తోసింది. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ పుస్తకాలు. కొప్పులో పెన్సిలు. నాయనమ్మ అప్పటికే చెయ్యెత్తేసింది. విభూతి అంతా అమ్మ మీద, లెక్కల పుస్తకం మీద పడింది. అమ్మ తుమ్మింది. ఏడు తుమ్ములు. తుమ్ములు ఆగాక ఏడ్చింది.

"పెళ్లికి ముందు టెన్త్ రాశా అత్తయ్యా. లెక్కల్లో తప్పా. మా ఊళ్లో రెండేళ్లు నన్ను పేరుతో పిలవలేదు ఎవరూ, సున్నా అని పిలిచారు. ఇప్పుడు మన ఊళ్లో చిన్నపిల్లల బడి పెడతారంట. టెన్త్ పాసైన ఊరి ఆడమనిషిని తీసుకుంటారంట. పాత మార్కులు చెల్లవంట, అన్ని పేపర్లూ మళ్లీ రాయాలంట. మా అన్నయ్య ఫీజు కట్టాడు. మళ్లీ తప్పితే ఎవరికీ తెలియకూడదని..." చెయ్యి పరదా వైపు చూపించింది. అప్పుడు గానీ మాకు ఆ పన్నెండు గజాల గుడ్డ ఎందుకో తెలియలేదు.

నాయనమ్మ ఒంగి ఆ పుస్తకాల వైపు చూసింది. ఆమెకు సంతకం రాదు, వేలిముద్రే. "నా కొడుక్కు ఎరుకనా?" అని అడిగింది.

"లేదు."

"చెప్పకు. వాని నోట్ల నువ్వుగింజ నానది." తర్వాత కొంగుతో లెక్కల పుస్తకం మీది విభూతి తుడిచింది. "సదువుకో. గొంతు మాత్రం తగ్గియ్యి. నీ మంత్రాలు రోడ్డు దాక వినపడుతున్నయ్."

ఆ రోజునుంచి ఆమె మంచం చివరి కిటికీ బయటికి మారింది. కర్ర ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చునేది. ఎవరైనా అమ్మ ఏదంటే, "తలనొప్పి, పండుకుంది," అనేది. అంత తలనొప్పి మంచిది కాదని ఊరంతా వైద్యాలు మొదలుపెట్టింది. ఒకరు శొంఠి, ఒకరు వాము, ఎదురింటి పెద్దమ్మ ఏదో పచ్చటి పసరు. అన్నీ నాయనమ్మే తీసుకుని, "ఊకె ఎందుకు పారబొయ్యాలె" అని తానే వాడేది. ఆ చలికాలమంతా ఆమెకు దగ్గు రాలేదు.

మార్చి వచ్చింది. పరీక్షలు భద్రాచలంలో. పదకొండు పేపర్లు. పదకొండు రోజులు ఆడమనిషి పొద్దున బస్సెక్కి సాయంత్రం రావడానికి ఏ కారణం చెప్పాలి? నాయనమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా కోడలు పదకొండు రోజులు రాముని దర్శనం మొక్కుకుంది. తలనొప్పి తగ్గినందుకు," అని ఊరంతా చెప్పింది. నాన్నకూ అదే చెప్పింది. నాన్న నమ్మి, రోజూ అమ్మను బస్సెక్కించాడు.

మొక్కు అనేసరికి ఊరు ఊరుకుంటుందా? మా గోత్రం మీద ఒక కాయ కొట్టు, మా మనవడి పేరు చెప్పు అంటూ రోజూ తెల్లారేసరికి మా అరుగు మీద కొబ్బరికాయలు. అమ్మ పరీక్షకు సంచిలో కొబ్బరికాయలతో వెళ్లింది. తనిఖీ చేసే సారు సంచి తెరిచి, "అమ్మా, పరీక్షకొచ్చారా, పెళ్లికొచ్చారా?" అన్నాడట. సంచిని నల్లబల్ల కింద పెట్టించాడట. ఇంగ్లీషు పేపరు మధ్యలో ఒక కాయ దొర్లుకుంటూ వచ్చి, ముందు వరసలో రాస్తున్న పిల్లవాడి కాలికి తగిలిందట. పరీక్ష అయ్యాక అమ్మ ప్రతి రోజూ గుడికి నడిచి, చీటీ చూసి, ఎవరి గోత్రం వాళ్లకు చెప్పించి, కాయ కొట్టించి, ప్రసాదం తెచ్చి పంచింది. ఒక్కరి మొక్కు కూడా తప్పించలేదు. లెక్కల పేపరు రోజు మాత్రం ఒక కాయ కుళ్లిపోయింది. అమ్మ ముఖం వేలాడేసుకుని వచ్చింది. "ఎవరి కాయ అది?" అని అడిగింది నాయనమ్మ. ఎదురింటి పెద్దమ్మది. "అయితే నీకేం గాదు. దాని మనసే గట్లుంటది," అంది.

మేలో మా మేనమామ కల్లూరు నుంచి కార్డు రాశాడు. ఉత్తరం రాసి కవర్లో పెట్టవలసింది. కార్డు రాశాడు. పోస్టుమాను అలవాటు కొద్దీ చదువుకుంటూ వచ్చి, మా ఇంటి ముందు సైకిలు దిగకుండానే కేక వేశాడు. "అక్కా! టెన్త్‌ల అన్ని పాసంట! లెక్కలొక్కటే పోయిందంట!"

నాన్న అరుగు మీద కూర్చుని మొర్రిపండ్లు తింటున్నాడు. ఎదురింటి పెద్దమ్మ వడియాలు పెడుతోంది. రోడ్డు మీద కనీసం పదిమంది ఉన్నారు.

అమ్మ చివరి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఎదురింటి పెద్దమ్మ, "అయితే మా కొబ్బరికాయలు?" అంది. "రాముడే తిన్నడు. ప్రసాదం నువ్వే తిన్నవ్," అని నాయనమ్మ కర్ర ఎత్తింది. ఆమె మళ్లీ వడియాల దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రమయ్యాక నాన్న చివరి కిటికీ దగ్గరికి వెళ్లి, పరదాకు ఇవతల నిలబడ్డాడు. నేను అరుగు చివర కూర్చుని వింటూనే ఉన్నాను.

"నాకెందుకు చెప్పలే?"

లోపల పరదా కొంచెం కదిలింది. "చెబితే నవ్వేవాళ్లు మీరు."

నాన్న నేల చూశాడు. కాలితో ఒక రాయి అటు తోశాడు, ఇటు తోశాడు. "అవ్. నవ్వేటోన్నే," అన్నాడు. రాయిని మళ్లీ తోసి, "ఇప్పుడు నవ్వుతలేను," అన్నాడు. పరదాకు ఇంకా దగ్గరికి జరిగి, "లెక్కలొక్కటే కద. నేను జెప్తా," అన్నాడు.

మిర్చి బస్తాల లెక్క నోటితో చెప్పేయగల మనిషి నాన్న. మర్నాడు అమ్మ ముందు కూర్చుని పుస్తకం తెరిచాడు. "ఏ అంటే ఎంత?" అని అడిగాడు.

"ఎంతైనా కావచ్చు."

"ఎంతైనా కావొచ్చంటే గది లెక్కెట్లయితది? ఎవరన్న కొంటరా?" పది నిమిషాల్లో పుస్తకం మూసేశాడు. కానీ ఆ పూట నుంచి ఇంటి ముందు ఎవరు గట్టిగా మాట్లాడినా, "ఏయ్, లోపల లెక్కలు జేస్తున్నది," అని తానే అరిచేవాడు. ఆయన అరుపే అందరికన్నా పెద్దది.

మూడో రోజు అమ్మ చివరి పరదాను పూర్తిగా పక్కకు లాగి, చువ్వకు ముడి వేసి, వెలుతురులో కూర్చుంది. మొదట అటు చూడటానికి అందరికీ సిగ్గేసింది. తర్వాత అలవాటైంది. "ఎంతదాక వచ్చింది?" అని పొలం పోయేవాళ్లు అడిగేవారు. ఊరి బడి సారు రోడ్డు మీదే నిలబడి, చువ్వల మధ్యలోంచి చెయ్యి పెట్టి ఆమె నోట్‌బుక్‌లో లెక్క చేసి చూపించేవాడు. దర్జీ చాచా త్రికోణాలు సుద్దతో గుడ్డ మీద గీసి, కత్తిరించి తెచ్చాడు. కోయ అవ్వ గంప దించి, అరుగు మీద కూర్చుని, అమ్మ రాస్తున్నంతసేపూ చూసి, ఆకులో చుట్టిన తునికి పండ్లు కిటికీలో పెట్టి వెళ్లేది. ఆ ఎండాకాలం మా ఊళ్లో అందరికీ ఒకే దిగులు, అమ్మ లెక్కలు.

సెప్టెంబరులో మళ్లీ రాసింది. ఆ తర్వాత సంగతులు చెప్పాలంటే, మా ఊళ్లో చిన్నపిల్లల బడి వచ్చింది, అమ్మ అక్కడే రిటైరయ్యేదాకా పనిచేసింది. ఏడాది తిరిగేలోగా ముగ్గురు ఆడవాళ్లు విడివిడిగా వచ్చి, "మాకూ పరదాలు కుట్టి పెట్టు," అని చెవిలో చెప్పినట్టు అడిగారు. అమ్మ ఎందుకని అడగలేదు. గుడ్డ రెండింతలు తెచ్చుకోమని మాత్రం చెప్పింది. ఆ పరదాలన్నిటి వెనకా చదువే నడిచిందని నేను చెప్పను. ఒక ఇంట్లో అత్తకు తెలియకుండా శనివారం కోడికూర వండుకున్నారు. ఇంకో ఇంట్లో మధ్యాహ్నం నిద్ర. మూడో ఆమె మాత్రం మరో రెండేళ్లకు టెన్త్ రాసింది.

ఆ కాలం తలుచుకుంటే నాకు ముందుగా కళ్ల ముందుకొచ్చేది మాత్రం రెండోసారి ఫలితం వచ్చిన రోజు. మేనమామ ఈసారి కార్డు రాయలేదు, బస్సులో తానే వచ్చాడు. అరుగు నిండా జనం. "ముప్పై ఏడు! పాసు!" అన్నాడు. నాన్న తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. అది పెంకుల మీద పడింది, ఆ తర్వాత ఎవరూ తియ్యలేదు.

నాయనమ్మ మాత్రం సంతోషపడలేదు. కర్ర నేలకు కొట్టి అందరినీ ఊరుకోమంది. "ఎన్నిట్ల ముప్పై ఏడు?" అని మా మామను అడిగింది.

"వందలో అత్తమ్మా."

ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. చాలాసేపు పట్టింది. తర్వాత పోస్టుమాను వైపు, బడి సారు వైపు, ఎదురింటి పెద్దమ్మ వైపు ఒక్కొక్కరినీ అనుమానంగా చూసింది.

"మిగిలిన అరవై మూడు ఎవలు తీస్కున్రు?" అంది.

అమ్మ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, అరుగు మీద అందరి ముందూ, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి, మా అమ్మ నవ్వు ఎంత గట్టిదో నేను ఆ రోజే మొదటిసారి విన్నాను.